టైటస్ మామ గుటక

చెన్నై,
6 అక్టోబరు 2024.

టైటస్ మామకు ఫేబీ వందనాలు.

ఉత్తరం అనగానే సామ్రాజ్యం అత్త కంగారు పడుతుందేమో, పడొద్దని చెప్పు. నేను బాగున్నాను. హాస్టల్ సాంబారు కూడా అలవాటైపోయింది. ఫోన్ చేస్తే నీ గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు. వాట్సాప్‌లో పెడితే ఆ చిన్న అక్షరాలకు నీకు తల తిరుగుతోందని అత్త చెప్పింది. అందుకని కాగితం మీద, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. పోస్టాఫీసులో కవర్లు అడిగితే కౌంటర్లో ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

అసలు సంగతికి వస్తాను, ఆగలేకపోతున్నాను. మాకు ఈ నెల గొంతు పాఠం మొదలైంది. నిన్న మెడికల్ కాలేజీ అనాటమీ హాలుకు తీసుకెళ్ళి నిజం గొంతు చూపించారు. మాటకూ, వినికిడికీ, మింగడానికీ వైద్యం చేసే చదువు నాదని చెబితే మన బంధువుల్లో ఒక్కరూ నమ్మలేదు కదా, "మింగేదానికి గూడా చదువుంటాదా మే" అని హెన్రీ బాబాయి నవ్వాడు. ఆయన్ని నిన్న ఆ హాల్లో నిలబెట్టాల్సింది. ఒక్క గుటకకు ముప్ఫై జతల దాకా కండరాలు కదులుతాయి మామా. నాలుక ముద్దను వెనక్కి నెడుతుంది. అంగిలి లేచి ముక్కు దారి మూస్తుంది. గొంతుముడి పైకీ ముందుకూ లేస్తుంది, ఊపిరి దారి మీద ఆకులాంటి మూత వాలుతుంది, ఊపిరి ఆగుతుంది. సరిగ్గా అప్పుడు అన్నవాహిక మొదట్లో ఉన్న కండరం, ఇరవై నాలుగు గంటలూ బిగుసుకుని ఉండేది, వదులవుతుంది. ముద్ద దిగుతుంది. ఇదంతా కలిపి ఒక్క సెకను. రోజుకు ఐదారు వందల సార్లు చేస్తాం, ఒక్కసారైనా గమనించం.

ఆగస్టులో నీ మెదడు అడుగున రక్తం గడ్డ అడ్డుపడినప్పుడు పోయింది ఈ ఒక్క సెకనే. నీ చేతులు బాగున్నాయి, కాళ్ళు బాగున్నాయి, ఎగతాళి కూడా బాగానే ఉంది. మింగడం పోయింది, దానితోపాటు గొంతు. ముక్కు గొట్టం ఎక్కువ రోజులు ఉంచకూడదని, జనవరి ఆరున పొట్టకు రంధ్రం చేసి గొట్టం పెడతామని నెల్లూరు డాక్టరు చెప్పినట్టు అమ్మ చెప్పింది. ఇంకా మూడు నెలలుంది. ఈలోగా నీ చేత మింగించాలని నా పట్టుదల. పోయిన నెల సెలవులకు వచ్చినప్పుడు నిన్ను "ఆ" అనమని టార్చి వేసి చూశాను, గుర్తుందా? నీ కొండనాలుక ఒక పక్కకు లాగింది. ఏ పక్కకో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అదేమిటో ఇప్పుడు అర్థమవుతోంది.

తిరుగు టపాలో జవాబు రాయి.

నీ మేనకోడలు,
ఫేబీ


కృష్ణపట్నం,
14 అక్టోబరు.

ప్రభువు కాపుదలలో ఉన్న మా ఫేబమ్మకు,

ముప్ఫై జతలా? పోర్టులో బొగ్గు ఓడ ఖాళీ చేసేటప్పుడు మా క్రేన్ దగ్గర అంతమంది ఉండేవాళ్ళం కాదు. ఇంత బలగం పెట్టుకుని నా గొంతు రెండు నెలలుగా సమ్మె చేస్తోందంటే యూనియన్ గట్టిదే.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆసుపత్రిలో అందరూ మీ అత్తతో మాట్లాడారు, నాతో ఎవరూ మాట్లాడలేదు. మాట రానివాడికి చెవులు కూడా ఉండవని అనుకుంటారు. నా గొంతులో ఏం జరిగిందో నాకు చెప్పిన మొదటి మనిషివి నువ్వే.

ఇక్కడి సంగతులు. రోజుకు ఆరుసార్లు మీ అత్త ముక్కు గొట్టంలో జావ పోస్తుంది. దానికి ప్రార్థన చేయాలా వద్దా అని నాకు పెద్ద అనుమానం వచ్చింది. నోటితో తినేదానికే కదా కృతజ్ఞత చెబుతాం. మన చర్చి జయకుమార్ అయ్యగారు చూడవచ్చినప్పుడు పలక మీద రాసి అడిగాను. ఆయన గడ్డం గోక్కుని, "యాడనించి పోయినా కడుపులోకే గదా పొయ్యేది, చేసుకో టైటసన్నా" అన్నాడు. అప్పటినుంచి చేస్తున్నాను. మనసు మాత్రం ఆమెన్ అనదు.

తిండి సంగతి అలా ఉంచు, ఉమ్మి కూడా మింగలేను. చెంబు పక్కన లేకుండా పది అడుగులు వేయలేను. గుడికి వెళ్ళడం మానేసింది అందుకే, నీరసం వల్ల కాదు. మీ అత్తకు నీరసమని చెప్పాను.

నాకు బిర్యానీలు వద్దు తల్లీ. గ్లాసుడు మంచినీళ్ళు గటగటా తాగాలి, అంతే. నీళ్ళే కదా అన్నిటికంటే తేలిక, దానితో మొదలుపెట్టకూడదా? పొట్టకు గొట్టం పెట్టారంటే ఇక నోరు మూసేసినట్టే అని నా భయం. ఏం చేయమంటావో చెప్పు, చేస్తాను.

మీ మామ,
టైటస్


చెన్నై,
24 అక్టోబరు.

మామా,

నీళ్ళు తేలిక అన్నావు చూడు, అందరూ తప్పు చేసేది అక్కడే. నీలాంటి వాళ్ళకు అన్నిటికంటే కష్టం నీళ్ళే. నువ్వు గుటక మొదలుపెట్టేలోపే అవి పరుగెత్తి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిక్కటి జావ నిదానంగా జారుతుంది, గొంతుకు సమయం ఇస్తుంది. కాబట్టి నీళ్ళ జోలికి పోవద్దు, అత్త మీద ఒట్టు.

ఈ వారం నేర్చుకున్నది వింటే నువ్వు కుర్చీలోంచి లేస్తావు. నీ గడ్డానికీ గొంతుముడికీ మధ్య గుర్రపు లాడం ఆకారంలో ఒక ఎముక ఉంది. ఒంట్లో మరే ఎముకకూ అతుక్కోని ఎముక అది. పైనుంచీ కిందనుంచీ కండరాలే దాన్ని గాల్లో పట్టుకుని ఉంటాయి. పై కండరాలు లాగితే అది లేస్తుంది, దానితోపాటు గొంతుముడి లేస్తుంది, ఆ లాగుడుకే అన్నవాహిక వాకిలి తెరుచుకుంటుంది. ఆ లాగే కండరాల్లో ఒకదానికి రెండు పొట్టలున్నాయని సార్ చెబితే, ఒక్క పొట్టతోనే ఇన్ని తిప్పలు పడుతున్నామని మా బెంచీలో అందరం నవ్వాం.

ఆ కండరాలకు కసరత్తు ఉంది. దిండు లేకుండా వెల్లకిలా పడుకో. భుజాలు లేపకుండా తల ఒక్కటే ఎత్తి నీ కాలి బొటనవేళ్ళు చూడు. అరవై లెక్కపెట్టి దించు. పూటకు మూడుసార్లు, రోజుకు మూడు పూటలు. తర్వాత వేళ్ళతో గొంతుముడిని తాకి గుటక వేయడానికి ప్రయత్నించు. అది పైకి లేవగానే జారిపోనివ్వకుండా రెండు క్షణాలు అక్కడే బిగబట్టు.

ఇంకొకటి, ఇదే అసలైనది. నీ గొంతులో ఒక పక్క కండరాలు పడుకున్నాయి, రెండో పక్కవి పని చేస్తున్నాయి. పడుకున్న పక్కకు తల తిప్పి మింగితే ఆ పక్క దారి నొక్కుకుపోయి, ముద్ద మంచి పక్కనుంచి దిగుతుంది. కొండనాలుకను లాగేది మంచి పక్క. నా నోట్‌బుక్ ప్రకారం అది ఎడమకు లాగింది. అంటే నీకు పడుకున్నది కుడి పక్క. కాబట్టి గడ్డం కుడి భుజం మీదికి వచ్చేలా తిరిగి మింగాలి. రెండు వారాలు కసరత్తు చేశాక, రోజుకు అర చెంచా చిక్కటి రాగి జావతో మొదలుపెట్టు.

మాకు మింగుడు వైద్యం నేర్పే రోజారమణి మేడంకు ఇదేమీ చెప్పలేదు. రెండో సంవత్సరం వాళ్ళం ఎవరికీ వైద్యం చెప్పకూడదు. నువ్వు మింగాక తీసుకెళ్ళి ఆమె ముందు నిలబెడతాను. అప్పటిదాకా మన ఇద్దరి మధ్యే ఉండనీ.

ఫేబీ


కృష్ణపట్నం,
13 నవంబరు.

ఫేబమ్మకు దీవెనలు.

నా కాలి బొటనవేళ్ళను పుట్టినప్పటినుంచీ ఇంత శ్రద్ధగా చూడలేదు. రోజుకు తొమ్మిదిసార్లు. మొదటి రోజు ఇరవై లెక్కపెట్టేసరికి మెడ వణికింది, ఇప్పుడు అరవై దాటిస్తున్నాను. మీ అత్త గుమ్మంలో నిలబడి, "ఏందయ్యా ఆ వేళ్ళల్లో అంతగా ఎతుకుతా ఉండావు, ఉంగరమేమన్నా పోయిందా" అంటోంది.

గాల్లో వేలాడే ఎముక సంగతి నాకు బాగా ఎక్కింది. స్లింగులు వేసి లోడు ఎత్తడమే కదా అది. రెండు వైపులా సమానంగా లాగితేనే లోడు తిన్నగా లేస్తుంది, ఒక పక్క తాడు వదులైతే ఒరిగిపోతుంది. నా గొంతులో క్రేన్ పెట్టి దేవుడు నన్ను పోర్టుకు పంపించాడన్నమాట.

నాలుగు రోజులుగా జావ మొదలుపెట్టాను. మొదటి అర చెంచా నాలుక మీద పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంచుకున్నాను. రాగి జావలో ఉప్పు ఇంత బాగుంటుందని నాకు తెలియదు. మూడు నెలల తర్వాత నోట్లో ఒక రుచి. కళ్ళు తుడుచుకుని, నువ్వు చెప్పినట్టు కుడికి తిరిగి మింగాను.

ఒకటి మాత్రం నిజం. అక్కడ నువ్వు నన్ను తెగ తలుచుకుంటున్నావు. ప్రతి చెంచాకూ పొలమారుతోంది. అంత తలుచుకోకు, చదువు పాడవుతుంది.

మామ


చెన్నై,
20 నవంబరు.

మామా మామా మామా,

నీ ఉత్తరం చదివి హాస్టల్ వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తాను. నా రూమ్మేట్ పరీక్ష పాసయ్యావా అని అడిగింది. అంతకంటే పెద్దదని చెప్పాను. నువ్వు మింగావు మామా. పుస్తకంలో బొమ్మ చూసి చెన్నైలో నేను చెబితే కృష్ణపట్నంలో నీ గొంతు విన్నది. నాకు ఈ చదువు ఎందుకని ఇక ఎవరూ అడగకూడదు.

తలుచుకోకుండా ఎలా ఉంటాను, పొద్దున లేస్తే నీ గొంతే. కాస్త పొలమారితే భయపడకు. దగ్గు వస్తోందంటే గొంతు కాపలా కాస్తోందని అర్థం, అది మంచిదే. ఇక అర చెంచా కాదు, పూటకు రెండు చెంచాలు తీసుకో. జనవరి ఆరుకు నెల్లూరు డాక్టరు ముందు కూర్చుని గిన్నెడు జావ తాగి చూపించాలి నువ్వు.

సంతోషంతో,
ఫేబీ


కృష్ణపట్నం,
30 నవంబరు.

ఫేబీకి అత్త రాసేది.

మీ మామ రాయొద్దన్నాడు. నాలుగు రోజులు ఊరుకున్నాను, ఇక ఊరుకోలేక రాస్తున్నాను. ఆయనకు సోమవారం చలి జ్వరం వచ్చింది. ఆయాసపడుతుంటే నెల్లూరు తీసుకెళ్ళాం. జావ ఊపిరితిత్తుల్లోకి పోయి చీము పట్టిందని డాక్టరు చెప్పాడు. చెంచాతో నోట్లో పెడుతున్నారా అని అడిగితే నేను లేదన్నాను. నాకు తెలియదు కదా. నేను బట్టలు ఉతకడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు ఆయన తీసుకునేవాడట. ప్రతిసారీ ఊపిరాడనంత దగ్గు వచ్చేదని, తువ్వాలు నోట్లో కుక్కుకుని దగ్గేవాడినని ఇప్పుడు చెబుతున్నాడు.

ఇప్పుడు జ్వరం తగ్గింది. ఎల్లుండి ఇంటికి పంపిస్తామన్నారు. నోటితో చుక్క కూడా ఇవ్వొద్దన్నారు. జనవరి ఆరున పొట్ట గొట్టం ఖాయం చేసుకున్నాం.

నిన్ను తిట్టడానికి రాయలేదమ్మా. నీ ఉత్తరాలన్నీ ఆసుపత్రికి కూడా తీసుకుపోయాడు, అక్కడా ఆయన దిండు కిందే ఉన్నాయి. నువ్వు బాధపడతావని దాచాడు. అది నాకు నచ్చలేదు, అందుకే రాస్తున్నాను.

సామ్రాజ్యం


చెన్నై,
7 డిసెంబరు.

మామకు,

అత్త ఉత్తరం వచ్చింది. ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఈ కాగితం ముందుకు సాగడం లేదు.

దగ్గు మంచిదే అని రాసింది నేను. రెండు చెంచాలు చేయమంది నేను. నువ్వు చచ్చిపోయేవాడివి మామా. నాకు పాఠంలో అదీ చెప్పారు, ఇలాంటి జ్వరంతో ఎంతమంది పోతారో కూడా చెప్పారు. అది నీకు రాయలేదు. కండరాల పేర్లు రాయడంలో ఉన్న సంబరం దానిలో లేదు కాబట్టి రాయలేదు.

రోజారమణి మేడం దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. మేడంది గూడూరు. కోపం వస్తే మన మాటే వస్తుంది. "నీకు తెలీక చేసింటే ఊరుకుందును మే. అడిగేదానికి నేనుండాను, అడక్కుండా చేసినావే, అదే తప్పు" అంది. రెండు రోజులు నా వైపు చూడలేదు. మూడో రోజు పిలిచి, "మీ మామ ఎట్టుండాడు" అని మాత్రం అడిగింది.

నా లెక్క ఎక్కడ తప్పిందో తెలియడం లేదు. పుస్తకం ప్రకారం దిగాలి. దిగలేదంటే నా చేతుల్లోనే ఏదో లోపం ఉంది. ఈ కోర్సు వదిలేద్దామనుకుంటున్నాను. అమ్మకు ఇంకా చెప్పలేదు. ఇంకొకరి గొంతుకు ఇలా చేయకముందే వెళ్ళిపోవడం మేలు కదా.

నువ్వు మాత్రం ఏమీ మింగొద్దు. పొట్ట గొట్టం పెట్టించుకో. నేను చెప్పినవన్నీ మరిచిపో.

ఫేబీ


కృష్ణపట్నం,
11 డిసెంబరు.

మా ఫేబమ్మకు,

ముందు నా తప్పు చెబుతాను. తువ్వాలు నోట్లో కుక్కుకుని దగ్గి, నీకు మాత్రం నవ్వులాట రాశాను. నీ ఉత్తరంలో సంతోషం చూస్తే దాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు. క్రేన్ మీద ఇరవై ఏడేళ్ళు చేసినవాణ్ణి, లోడు ఒరుగుతుంటే కింద ఉన్నవాడికి చెప్పకుండా ఉండటం ఎంత పెద్ద తప్పో నాకు తెలియాలి. నువ్వు కోర్సు వదలాలంటే ముందు నేను నా పెన్షన్ వదలాలి.

ఇప్పుడు అసలు సంగతి. నెమ్మదిగా రాద్దామనుకుంటే చేయి పరుగెడుతోంది.

ఆసుపత్రిలో పని లేక నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. "నా నోట్‌బుక్ ప్రకారం ఎడమకు లాగింది" అన్న చోట ఆగాను. తల్లీ, ఆ రోజు నువ్వు నాకు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని టార్చి వేశావు. నువ్వు రాసుకున్న ఎడమ ఎవరి ఎడమ? నీదా, నాదా?

క్రేన్ నేర్చుకునే ప్రతివాడూ మొదటి వారం చేసే తప్పు అది. పైన క్యాబిన్లో మనం, కింద ఓడ అంచున మనకు ఎదురుగా సిగ్నల్ ఇచ్చేవాడు. వాడు వాకీటాకీలో "ఎడమకు" అంటాడు. వాడి ఎడమ మనకు కుడి. నా మొదటి వారంలో, ఇక్కడ కాదులే, ఇంకో రాష్ట్రంలో, జయరామయ్య మేస్త్రి ఎడమకు అంటే నేను నా ఎడమకు తిప్పి బకెట్టు బొగ్గు లారీలో కాకుండా నేల మీద పోశాను. ఆయన నన్ను దించి ఒకటే చెప్పాడు. "ఇంక నీ నోట ఎడమా కుడీ రాకూడదు. సముద్రం వైపు, గోదాము వైపు. సముద్రం ఎవరికైనా ఒకే వైపు ఉంటాది." ఆనాటినుంచి రిటైరయ్యేదాకా అదే నా భాష.

ఇంటికి రాగానే వరండాలో దక్షిణం ముఖంగా కుర్చీ వేసుకున్నాను. సముద్రం నా ఎడమ చేతి వైపు. నోట్లో ఏమీ పెట్టుకోలేదు, మీ అత్త సాక్షి. డాక్టరు ఏమీ ఇవ్వొద్దన్నాడు గానీ నా ఉమ్మి నాదే కదా. గడ్డం సముద్రం వైపు భుజం మీదికి తెచ్చాను. గొంతుముడి మీద వేళ్ళు పెట్టాను. గుటక వేశాను.

దిగింది ఫేబమ్మా. దగ్గు లేదు, పొలమారలేదు. లోపల ఏదో గడియ తీసినట్టు అయింది. మళ్ళీ వేశాను, మళ్ళీ దిగింది. గోదాము వైపు తిరిగి వేశాను, దగ్గు వచ్చింది. మళ్ళీ సముద్రం వైపు తిరిగాను, దిగింది. చెంబు దూరంగా పెట్టించి గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. పన్నెండు నిమిషాలు ఉమ్మలేదు. నాలుగు నెలల్లో ఎన్నడూ మూడు నిమిషాలు దాటలేదు.

నీ పుస్తకం తప్పు కాదు, నీ చేతుల్లో లోపమూ లేదు. నువ్వు ఎదురుగా కూర్చున్నావు, అంతే. ఈ ఉత్తరం మీ మేడంకు చూపించు. ఈసారి అడిగి చేద్దాం.

మీ మామ,
టైటస్


చెన్నై,
17 డిసెంబరు.

మామా,

ఆగలేక గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

నీ ఉత్తరం చదివిన నిమిషంలో నోట్‌బుక్ తెరిచాను. ఆ రోజు నీ కొండనాలుక బొమ్మ గీసి బాణం వేశాను. బాణం పక్కన 'ఎడమ' అని ఉంది. కళ్ళు మూసుకుని ఆ స్టూలు మీద మళ్ళీ కూర్చున్నాను. కొండనాలుక వెళ్ళింది మీ గోడ మీద క్యాలెండర్ ఉన్న వైపు. అది నాకు ఎడమ. నీకు కుడి, అంటే పడుకున్నది నీ ఎడమ పక్క. అనాటమీలో మొదటి రోజే చెబుతారు, పక్క ఎప్పుడూ రోగి పక్కే రాయాలని. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మా ఇంటి మనిషి నోట్లోకి చూసేసరికి మరిచిపోయాను.

ఉత్తరం పట్టుకుని మేడం గదికి పరుగెత్తాను. ఆమె ఫైనల్ ఇయర్ వాళ్ళకు క్లాసు చెబుతోంది. చేతిలోంచి కాగితం లాక్కుని చదివింది, సగం దాకా వచ్చి మళ్ళీ మొదటినుంచి పైకి చదివింది. జయరామయ్య మేస్త్రి దగ్గరికి వచ్చేసరికి క్లాసంతా బెంచీల మీద ముందుకు వంగారు. "ఈయన పేషెంటా, ప్రొఫెసరా" అంది. మామా, మేడం నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

తర్వాత నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పింది. జనవరి మూడున మీరిద్దరూ చెన్నై రావాలి. మింగుతుండగా ఎక్స్‌రే వీడియో తీస్తారు. లోపల ఏది ఎటు పోతోందో కంటికి కనిపిస్తుంది. ఒక్క చుక్క ఊపిరి వైపు పోయినా సరే, ఆరో తేదీన పొట్ట గొట్టం పెట్టించుకోమని మేడమే చెబుతుంది. పోకపోతే నెల్లూరు డాక్టరుకు ఆమె స్వయంగా రాస్తుంది. అప్పటిదాకా నోట్లో ఏమీ పెట్టుకోకూడదు. ఉమ్మి గుటకలు, కాలి వేళ్ళ కసరత్తు మాత్రమే. ఇది నా మాట కాదు, మేడం మాట.

కోర్సు వదలడం లేదు. ఆ ఉత్తరం చింపెయ్యి.

ఫేబీ


చెన్నై,
5 జనవరి 2025.

మామా, అత్తా, ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

మొన్న బస్సు నాయుడుపేట దాటేలోపే ఇద్దరూ నిద్రపోయి ఉంటారు. నాకు రెండు రోజులుగా నిద్ర లేదు. నువ్వు ఆ కుర్చీలో కూర్చుని ఉన్నావు కాబట్టి ఏమీ చూడలేదు మామా. అద్దం వెనక మేం చూసింది నీకు చెప్పాలి.

మొదటి చెంచా తిన్నగా మింగమన్నారు కదా. మందు కలిపిన జావ స్క్రీన్ మీద నల్లగా కనిపిస్తుంది. అది నాలుక దాటి కిందికి వచ్చి వాకిలి దగ్గర ఆగిపోయింది. వాకిలి తెరుచుకోలేదు. పక్కనున్న గుంటలో నిండి ఊపిరి దారి అంచుకు వస్తోంది. అప్పుడు నువ్వు దగ్గావు. అత్త బయట బెంచీ మీద ప్రార్థన చేస్తోంది, ఆ దగ్గు ఆమెకు వినిపించిందని నాకు తెలుసు.

రెండో చెంచాకు మేడం మైకులో, "టైటస్ గారూ, సముద్రం వైపు" అంది. టెక్నీషియన్‌కు అర్థం కాలేదు. నాలుగు గోడల గదిలో సముద్రం ఏ వైపో ఎవరికి తెలుసు? నువ్వు తాపీగా ఎడమ చేయి ఎత్తి చూపించి, తల అటు తిప్పావు.

గడ్డం కింద కండరాలు బిగుసుకున్నాయి. ఆ గుర్రపు లాడం ఎముక ఎగిరింది, గొంతుముడి దానితో లేచింది, మూత వాలింది. ఇన్ని నెలలు బొమ్మల్లో చూసిన సెకను అది. వాకిలి తెరుచుకుంది. నల్లటి గీత సన్నగా, తిన్నగా, అన్నవాహికలోకి జారిపోయింది. ఊపిరి వైపు ఒక్క చుక్క లేదు. మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ దిగింది. ఐదుసార్లూ దిగింది.

నేను ఏడుస్తున్నానని మేడంకు తెలుసు. నా వైపు తిరగలేదు. స్క్రీన్ చూస్తూనే, "రాసుకో. ఎడమ. ఎవరి ఎడమో గూడా రాసుకో" అంది.

నెల్లూరు డాక్టరుతో మేడం నిన్న మాట్లాడింది. అత్తకు ఫోన్‌లో చెప్పినట్టే, ఆరో తేదీ రద్దయింది. ముక్కు గొట్టం ఇంకొన్నాళ్ళు ఉంటుంది. రోజుకు ఇంత అని మేడం రాసిచ్చిన కాగితం ప్రకారం పెంచుకుంటూ పోవాలి, కాగితానికి ఒక చెంచా ఎక్కువ తినొద్దు. పూర్తిగా నోటితో తిని బరువు నిలబడితే గొట్టం తీసేస్తారు.

ఫేబీ


కృష్ణపట్నం,
23 ఫిబ్రవరి.

దేవుడు మాకిచ్చిన ఫేబమ్మకు,

గురువారం గొట్టం తీశారు. నర్సు లాగేటప్పుడు తుమ్ము వచ్చింది, అంతే. ఆరు నెలలు ముక్కులో ఉన్నది చెత్తబుట్టలో పడటానికి ఐదు సెకన్లు పట్టలేదు. అద్దంలో చూసుకుంటే నా ముఖం నాకే కొత్తగా ఉంది. మీ మేడంకు నా వందనాలు చెప్పు. నీళ్ళు ఇంకా చిక్కబరిచే తాగుతున్నాను, కాగితంలో ఉన్నట్టే. గటగటా తాగడానికి ఇంకా టైముందట, ఉండనీ.

నీకు ఇన్నాళ్ళూ రాయనిది ఒకటుంది. దాని గురించి రాయడం నా చేత కాలేదు.

ఆగస్టునుంచి మీ అత్త తినడం నేను చూడలేదు. నాకు గొట్టంలో జావ పోసి, గొట్టానికి మూత పెట్టి, మంచం సర్ది, తర్వాత ఎక్కడికి వెళ్ళి తినేదో, ఏం తినేదో తెలియదు. కంచం చప్పుడు కూడా వినిపించేది కాదు. ఇంట్లో తాలింపు పెట్టలేదు. చేపలు వండలేదు. మన వీధిలో చేపల పులుసు వాసన రాని ఇల్లు ఈ ఆరు నెలలూ మాది ఒక్కటే. పక్కింటి అంకాలమ్మ ఒకసారి గిన్నెలో తెస్తే గుమ్మంలోంచే పంపించేసింది. నేను అడగలేదు. అడిగితే ఇద్దరం ఏడవాలి, నాకేమో ఏడిస్తే ఊపిరాడదు.

శుక్రవారం మధ్యాహ్నం నాకు అన్నం మెత్తగా పిసికి ముద్దపప్పు కలిపి తెచ్చింది. నేను కుర్చీలో కూర్చుని మొదటి ముద్ద సముద్రం వైపు తిరిగి మింగాను. రెండోదీ మింగాను. అప్పుడు నా పాడు గొంతుతోనే, "నీ కంచం తెచ్చుకో" అన్నాను. ఇప్పుడు మాట కాస్త తెలుస్తోందిలే. ఆమె, "నాకాకలి లేదు, నువ్వు తిను" అంది. "తెచ్చుకోకపోతే నేనూ తినను" అన్నాను.

తెచ్చుకుంది. నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని నమిలింది. నములుతూనే ఉంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, ముద్ద మాత్రం గొంతు దిగడం లేదు. నా వైపు చూసి దిగడం లేదన్నట్టు చేయి ఊపింది.

ఫేబమ్మా, అది ఏ కండరమో నాకు తెలుసు. వేళ్ళు చాచి ఆమె గొంతుముడి మీద పెట్టాను. "సామ్రాజ్యం, తొందర లేదు. గడ్డం కొంచెం దించుకో. ఊపిరి బిగబట్టు. ఇప్పుడు గుటక వెయ్" అన్నాను.

నా వేళ్ళ కింద అది పైకి లేచింది, ఒక క్షణం ఆగింది, దిగింది. తర్వాత ఇద్దరం కంచాలు ఖాళీ అయ్యేదాకా తిన్నాం.

మీ మామ,
టైటస్